ఐదు గళ్లలో ఒదిగిన బటన్

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం భీమవరంలోని మా బాబాయి దుకాణంలో కూర్చుని, ఆయన కోసం 1688 అనే చైనా టోకు వర్తకపు సైటు తెరిచాను. బాబాయి రొయ్యల చెరువులకు కావలసిన ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు), మోటార్లు, గేరుబాక్సులు అమ్ముతారు. సరుకు తెప్పించి ఇచ్చే ఏజెంటు చెబుతున్న ధరకూ అక్కడి అసలు ధరకూ ఎంత తేడా ఉందో తన కళ్లతో చూసుకోవాలని ఆయన కోరిక. చైనా భాష ఆయనకూ రాదు, నాకూ రాదు. అందుకని ఏరేటర్ ఫొటో పెట్టి వెతికాను. సరుకు పేజీ రాగానే బ్రౌజరులో తెలుగు అనువాదం నొక్కాను.

అప్పటివరకు కిక్కిరిసి ఉన్నా గళ్లు గీసి పేర్చినట్టు నిలబడిన ఆ పేజీ, తెలుగులోకి మారగానే చెదిరిపోయింది. నారింజరంగు బటన్ మీద అంతకుముందు ఐదు చైనా అక్షరాలు ఉండేవి. "జ్యారు గోవూచ" అని పలికే ఆ మాటలో చివరి మూడు అక్షరాలు వరుసగా కొనడం, వస్తువు, బండి. మొత్తానికి అర్థం బండిలో వేయడం. ఐదు అక్షరాలూ ఐదు సమాన చతురస్రాలై, అటూ ఇటూ ఒకే ఖాళీతో బటన్ మధ్యలో కూర్చున్నాయి. వాటి స్థానంలో "షాపింగ్ కార్ట్‌కు జోడించండి" అని రాగానే మాట రెండు వరుసలుగా విరిగింది, "ర్ట్‌" కింద ఉండవలసిన ఒత్తు బటన్ అంచు దగ్గర తెగిపోయింది, పక్కనున్న ధర మరొక గడిలోకి జారిపోయింది. బాబాయి కళ్లజోడు సవరించుకుని, "ఒరేయ్ అబ్బాయ్, ఇందాకటిదే బాగుందిరా, అదే పెట్టు" అన్నారు. ఒక్క ముక్క చదవలేకపోయినా ఆయనకు చైనా పేజీయే నచ్చింది.

తణుకు, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడమే నా వృత్తి. చైనా సైట్లంటే గజిబిజి అనీ, మన కంటికి నప్పని అలంకారమనీ చాలా ఏళ్లు అనుకున్నాను, కొందరితో అన్నాను కూడా. ఆ అభిప్రాయం తప్పని ఆ మధ్యాహ్నం తెలిసింది కాబట్టి, ఎందుకు తప్పో వివరంగా రాయాలనిపించింది. ఆ పేజీ ఆ లిపి కోసం, ఆ లిపిని చదివే కళ్ల కోసం కుట్టిన చొక్కా. మన లిపికి తొడిగితే భుజాల దగ్గర చిరగక మానదు.

ముందు లిపి సంగతి చెప్పాలి. చైనా అక్షరంలో ఒక గీత ఉన్నా ఇరవై గీతలున్నా అది ఒకే చతురస్రంలో ఇముడుతుంది. పైకి పొడుచుకువచ్చే గుడి లేదు, కిందికి వేలాడే ఒత్తు లేదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలరు కాబట్టి, విరామచిహ్నాల విషయంలో కొన్ని నియమాలు తప్ప, వరుసను దాదాపు ఏ అక్షరం దగ్గరైనా విరిచి కింది వరుస మొదలుపెట్టవచ్చు. పేజీ అల్లేవాడికి ఇది పెద్ద వరం. ఎంత ఇరుకైన నిలువు పట్టీలోనైనా అక్షరాలు ఇటుకల్లా పేరుస్తూ పోవచ్చు. మెనూలోని మాటలు చాలావరకు రెండేసి అక్షరాలే. ముఖపుటను "షౌయె" అంటారు, అంటే తల, పుట. అలాంటి రెండక్షరాల మాటలు పదిహేను ఒకే వరుసలో పెట్టినా అవి సైనికుల వరుసలా కనిపిస్తాయి. అదే వరుసను తెలుగులో ఊహించండి: "ముఖపుట, నమోదు, ప్రవేశించండి, సంప్రదించండి, తరచుగా అడిగే ప్రశ్నలు." ఒక్కో మాట ఒక్కో పొడవు, ఐదో మాటకే వరుస నిండిపోతుంది.

ఒక అక్షరంలో ఎంత అర్థం పడుతుందన్నది కూడా ఇక్కడ ముఖ్యమే. 2017 నవంబరులో ట్విట్టర్ తన 140 అక్షరాల హద్దును 280కి పెంచినప్పుడు చైనా, జపాన్, కొరియా భాషలకు మాత్రం పెంచలేదు, ఎందుకంటే ఆ భాషలవారు పాత హద్దులోనే చెప్పదలచుకున్నది హాయిగా చెప్పగలుగుతున్నారు. మన పరిస్థితి దీనికి సరిగ్గా ఎదురు. "స్త్రీ" అన్న మాట మన కంటికి ఒకే అక్షరం, కంప్యూటరు లెక్కలో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ అర్థానికి చైనా లిపిలో ఒక్క సంకేతం చాలు. కాబట్టి చైనా పేజీలో "ఎంత ఎక్కువ ఉందో" అని మనం ఆశ్చర్యపోయే సమాచారం, దాన్ని చదివేవారికి మనం అనుకున్నంత బరువు కాదు. మనకు ఒక పేరా అయ్యేది వారికి రెండు వరుసలు.

లిపి ఇచ్చే సౌకర్యానికి వెనుక ఒక కష్టం కూడా ఉంది. 1980లో చైనా ప్రభుత్వం కంప్యూటర్ల కోసం నిర్ణయించిన తొలి అక్షరపట్టికలోనే 6,763 అక్షరాలున్నాయి. 2013లో విడుదల చేసిన సాధారణ ప్రామాణిక అక్షరాల జాబితాలో 8,105 ఉన్నాయి. ప్రపంచ లిపులన్నింటికీ కంప్యూటరు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గళ్లు 128 మాత్రమే. ఒత్తులూ గుణింతాలూ కలిపి గీసుకున్నా మన ఫాంటు కొన్ని వందల కిలోబైట్లలో సరిపోతుంది, చైనా ఫాంటు మాత్రం ఒక్కొక్కటి అనేక మెగాబైట్లు. నెమ్మదైన కనెక్షన్ల కాలంలో అంత బరువైన ఫాంటును చదువరి కంప్యూటరుకు పంపడం జరిగే పని కాదు. అందుకని మామూలు వాక్యాలకు కంప్యూటరులో ముందే ఉన్న ఫాంటును వాడుకునేవారు, ఆకర్షణగా కనిపించవలసిన మాటను బొమ్మగా గీసి పెట్టేవారు. చైనా సైట్లలో రంగురంగుల బ్యానర్లు, బొమ్మల్లో పొదిగిన అక్షరాలు అంతగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

దీనికి తోడు చైనా లిపిలో ఇంగ్లీషులాగా పెద్దబడి అక్షరాలు లేవు, వాలుగా రాసే సంప్రదాయమూ లేదు. ఇంగ్లీషు పేజీలో ఒక మాటను పెద్దబడిలో రాస్తే చాలు, అది శీర్షికని అందరికీ తెలుస్తుంది. చైనా పేజీలో ఆ తేడా చూపించాలంటే రంగు, పరిమాణం, చుట్టూ ఒక పెట్టె, పక్కన ఒక చిన్న గుర్తు, వీటిలో ఏదో ఒకటి పెట్టక తప్పదు. ఇది రాస్తున్నప్పుడే నాకు తట్టింది, మనకూ పెద్దబడి లేదు, తెలుగును పక్కకు వాలిస్తే గాలికి పడిపోయిన వరిచేనులా ఉంటుంది. మన దినపత్రికలు ఎర్ర శీర్షికలనూ పసుపు పట్టీలనూ పెట్టెలనూ వాడేది ఈ అవసరం వల్లనే. ఈ విషయంలో మన లిపి ఇంగ్లీషుకంటే చైనా లిపికి దగ్గర, అయినా మేము సైట్లకు వాడే మూసలన్నీ ఇంగ్లీషు కోసం పోసినవి.

ఇక టైపు చేయడం. చైనాలో 1958లో ఆమోదించిన పిన్యిన్ పద్ధతి ప్రకారం ఇంగ్లీషు అక్షరాలలో శబ్దం కొడితే, ఆ శబ్దంతో పలికే అక్షరాల వరుస వస్తుంది, అందులో కావలసినదాన్ని ఎంచుకోవాలి. "షి" అని కొడితే పదుల సంఖ్యలో అక్షరాలు వస్తాయి. వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఇంటర్నెట్ కేఫ్‌లకు తొలిసారి వచ్చిన పెద్దవారికీ, పల్లెలనుంచి పట్నాలకు పనికి వచ్చినవారికీ అది మాత్రం ఇబ్బందే. అందువల్ల వెతికించే పేజీకంటే చూపించే పేజీకి విలువ వచ్చింది. లీ షింగ్‌పింగ్ అనే యువకుడు 1999లో మొదలుపెట్టిన హావ్123 అనే సైటులో వేరే సైట్ల లింకులు తప్ప ఏమీ ఉండేవి కావు. వార్తలు, ఆటలు, పాటలు, రైళ్లు, బ్యాంకులు, అన్నీ ఒకే పేజీలో చిన్న చిన్న నీలి మాటలుగా పరిచి ఉండేవి. ఆ సైటును 2004లో చైనా వెతుకుయంత్రం బైదూ కొనుగోలు చేసింది. టైపు చేయకుండా వేలితో చూపించి నడిచే ఇంటర్నెట్టు అది. ఆ అలవాటును సినా, సోహూ, నెట్‌ఈజ్ లాంటి పెద్ద పోర్టళ్లు కూడా పాటించాయి.

సైట్ల పేర్లు అంకెల్లో ఉండడానికీ ఈ ఇబ్బందే ఒక కారణం. నెట్‌ఈజ్ చిరునామా అయిన 163 అంకె అప్పట్లో ఫోను తీగమీద ఇంటర్నెట్టుకు కలిపే నంబరు, 12306 రైల్వే టిక్కెట్లది. నేను తెరిచిన 1688ను చైనా భాషలో పలికితే ఇంచుమించు దాన్ని నడిపే కంపెనీ పేరు "అలీబాబా" అని వినిపిస్తుంది, పైగా చివరనున్న ఎనిమిదులు సంపదకు గుర్తు.

ఇంతవరకు లిపి వల్ల కలిగినవి. బాబాయికి ఆ పేజీ ఎందుకు నచ్చిందన్నది మాత్రం లిపితో తేలే విషయం కాదు, ఎందుకంటే ఆయన దాన్ని చదవలేదు, చూశారు. సరుకు పేజీ కిందికి జరుపుతూ పోతే ఎంతకూ తరగలేదు. ముందు ఏరేటర్ బొమ్మ, దాని కింద తెడ్ల చక్రం దగ్గరగా తీసిన ఫొటో, తర్వాత విప్పిన గేరుబాక్సు, లోపలి పళ్లచక్రాల అంచులు, మోటారులో రాగితీగ చుట్లు, కొలతల పట్టిక, కర్మాగారం లోపల టోపీలు పెట్టుకున్న పనివారు, అట్టపెట్టెల్లో సర్దుతున్న దృశ్యం, లారీకి ఎక్కిస్తున్న దృశ్యం, చివరికి ధృవపత్రాలు. ఇదంతా ఎందుకు పెడతారని నాకు అనిపించేలోపే బాబాయి అన్నారు: "సరుకంతా విప్పి వీధిలో పరిచినవాడు ఇంక దాచేదేముంటుందిరా? మనవాళ్లు చూపించే క్యాటలాగులో పైడబ్బా తప్ప లోపలిది కనపడదు."

చైనా ఆన్‌లైన్ అంగడి తౌబావ్ చరిత్ర చదివినవారికి ఈ మాట కొత్తగా అనిపించదు. 2003లో తౌబావ్ మొదలైనప్పుడు, ముఖం చూడని మనిషి దగ్గర డబ్బు కట్టి సరుకు కొనడమంటే అక్కడ ఎవరికీ నమ్మకం లేదు. అదే కాలంలో అమెరికా ఆన్‌లైన్ అంగడి ఈబే ఒక చైనా కంపెనీని కొని అక్కడ అడుగుపెట్టింది. కొనేవాడూ అమ్మేవాడూ తమలో తాము మాట్లాడుకుంటే తన కమీషను పోతుందని, వారిమధ్య నేరు మాటలకు ఈబే చోటివ్వలేదు. తౌబావ్ అమ్మకందార్ల దగ్గర రుసుము తీసుకోలేదు, పైగా ప్రతి సరుకు పక్కనా మాట్లాడే బటన్ పెట్టింది. బేరం ఆడవచ్చు, రంగు అడగవచ్చు, ఎప్పుడు పంపుతావని నిలదీయవచ్చు. సరుకు చేతికందేదాకా డబ్బును మధ్యలో పట్టి ఉంచే అలీపే 2004లో వేరే సంస్థగా ఏర్పడింది. ఈబే 2006 చివర్లో చైనాలోని తన సొంత సైటును మూసివేసింది. తౌబావ్ దుకాణదారు కొనడానికి వచ్చినవారిని "ఛిన్" అని పిలుస్తాడు, ఆత్మీయులను పిలిచే మాట అది. మన వైపు కొట్టులో "ఏం కావాలండి, ఆయ్, ఉందండి" అనే పలకరింపు లేకుండా బేరం మొదలు కానట్టే అక్కడా మాట కలవకుండా బేరం తెగదు. పేజీ మూలనున్న ఆ చిన్న మాటల బుడగ అలంకారానికి పెట్టింది కాదు, అది కొట్టులో గల్లాపెట్టె ముందు వేసిన బల్ల.

చైనా భాషలో "రెనావ్" అనే మాట ఉంది. వేడి, రొద అనే రెండక్షరాలతో కట్టిన మాట, అర్థం మాత్రం పొగడ్త. పెళ్లి ఇల్లు, సంత, పండుగ వీధి ఎలా ఉండాలో అలా ఉందని చెప్పడం. దీనికి ఇంగ్లీషులో సరైన మాట దొరకక అనువాదకులు అవస్థ పడుతుంటారు, తెలుగులో ఏ అవస్థా లేదు, మనకు "సందడి" ఉంది. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు తరలివస్తుంటే, కొబ్బరితోటల మధ్య ఆ రంగులనూ డప్పులనూ చూసి ఎవరూ కాస్త ఖాళీ వదలవలసింది అనరు. జనం లేని తీర్థం తీర్థమే కాదు. కిక్కిరిసిన అమ్మకపు పేజీని చైనా కొనుగోలుదారు చూసే చూపులో ఈ భావం కొంత ఉందని నా నమ్మకం. ఖాళీగా ఉన్న దుకాణం అతనికి సరుకు లేని దుకాణం.

రంగుల సంగతి తెలిసిందే, ఎరుపు అక్కడ శుభం. స్టాక్ మార్కెట్టు పట్టికలో కూడా పెరిగిన ధర ఎరుపు, పడిన ధర ఆకుపచ్చ. ఆ రంగుకున్న బలం నాకు పూర్తిగా అర్థమైంది 2020 ఏప్రిల్ 4న. కోవిడ్‌తో చనిపోయినవారికి సంతాప దినంగా ఆ రోజు చైనాలోని ముఖ్యమైన సైట్లు తమ పేజీల్లో రంగంతా తీసివేసి బూడిదరంగులో కనిపించాయి. మాటలు అవే, బొమ్మలు అవే, గళ్లు అవే. ఆ పేజీలను తెరమీద చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

ఇంతకంటే లోతైన కారణం వెతికేవారు కూడా ఉన్నారు. చైనా, కొరియా, అమెరికా వారి చూపు ఒకే వెబ్ పేజీమీద ఎలా కదులుతుందో కొలిచిన ఒక పరిశోధన 2008లో వచ్చింది. అమెరికావారి చూపు ఒక అంశం తర్వాత ఒకటిగా సాగితే, తూర్పు ఆసియావారి చూపు పేజీ అంతటా తిరుగుతూ మొత్తాన్ని అందుకునే ప్రయత్నం చేస్తుందని అది తేల్చింది. 2014లో థామస్ టాల్‌హెల్మ్, ఆయన తోటి పరిశోధకులు సైన్స్ పత్రికలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. వరి పండించే దక్షిణ చైనాలోనూ గోధుమ పండించే ఉత్తర చైనాలోనూ 1,162 మంది విద్యార్థులను పరీక్షించి, వరి ప్రాంతంవారు విషయాలను ఒకదానితో ఒకటి కలిపి చూస్తారనీ, నీళ్లు పంచుకుంటూ నాట్లకూ కోతలకూ ఒకరికొకరు సాయపడుతూ తరతరాలు బతికినందువల్ల ఆ స్వభావం వచ్చిందనీ ప్రతిపాదించారు.

ధవళేశ్వరం ఆనకట్ట నీటితో అన్నం తింటున్న నాలాంటివాడికి ఈ మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసినప్పటినుంచి ఈ డెల్టాలో కాలువ నీరే మనిషికీ మనిషికీ మధ్య ఒప్పందం. దాళ్వాకు, అంటే రెండో పంటకు, వంతులవారీగా నీరు వదిలినప్పుడు, పైవాడు తూము కట్టకపోతే శివారు చేను ఎండిపోతుంది. అయినా ఈ సిద్ధాంతాన్ని వెబ్ పేజీల దాకా లాగడానికి నా మనసు ఒప్పుకోలేదు. సినా, సోహూ రెండూ బీజింగ్ కంపెనీలు, అంటే గోధుమ నేలవి, వాటి పేజీలు వరి నేలలోని హాంగ్‌ఝౌలో పుట్టిన తౌబావ్‌కంటే పలచగా లేవు. పైగా ఆ దేశపు చిత్రకళలోనే "లియుబాయ్" అనే సంప్రదాయం ఉంది, తెల్లగా వదలడం అని అర్థం. పటంలో నీళ్లనూ మంచునూ గీయకుండా ఖాళీతో చూపిస్తారు. బైదూ ముఖపుట చాలాకాలం ఒక్క వెతుకుపెట్టెతోనే గడిచింది. 2011లో వచ్చిన వీచాట్ అనే సందేశాల యాప్ తెరవగానే కనిపించేది ఎదురుగా భూగోళం, దాని ముందు నిలబడిన ఒంటరి మనిషి. సంస్కృతి అనే ఒక్క మాటతో అన్నింటికీ తాళం తీయాలనుకునేవారు వీటిని దాటవేస్తుంటారు. లిపి, టైపు చేసే కష్టం, నమ్మకం పుట్టవలసిన అవసరం, ప్రకటనల ఆదాయం, ఇన్ని కాలువలు కలిసి పారిన చోట సంస్కృతి కూడా ఒక కాలువ.

ఆ రోజు ఇంటికి వెళ్లాక వంటింటి గోడమీద క్యాలెండరు చూశాను. ఒక్కో తేదీ గడిలో ఎర్ర అంకె, దాని చుట్టూ తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, పండుగ పేరు, అంచులో రాహుకాలం, అడుగున కిరాణా కొట్టు చిరునామా. ఇంగ్లీషు పద్ధతి నేర్పిన డిజైనరు ఎవరైనా దీన్ని చూస్తే సగం కొట్టివేస్తాడు. మా అమ్మ మాత్రం పొయ్యి దగ్గరనుంచే తల తిప్పి వర్జ్యం ఎప్పుడు మొదలవుతుందో చెప్పగలదు. చైనాలోనూ ఏ రోజు ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో చెప్పే "హువాంగ్లీ" పంచాంగం ఉంది, అదీ ఇలాగే కిక్కిరిసి ఉంటుంది. మనకు చేతకానిది కిక్కిరిసిన పేజీని చదవడం కాదు, దాన్ని తెరమీద మన లిపిలో సరిగ్గా కట్టడం.

బాబాయి దుకాణానికి మూడేళ్ల కిందట నేనే ఒక సైటు చేసి ఇచ్చాను. పెద్ద నీలి చెరువు బొమ్మ, మధ్యలో ఒక వాక్యం, చుట్టూ బోలెడంత ఖాళీ, ఒక చిన్న బటన్. చూసినవారు మెచ్చుకున్నారు. రైతులు మాత్రం సైటు చూసి కూడా, రెండు హార్స్‌పవర్ ఏరేటర్ ధరెంత, గేరుబాక్సు ఎక్కడిది, పాడైతే మనిషి వస్తాడా అని ఫోను చేసి అడిగేవారు. వారికి కావలసినవేవీ పేజీలో లేవు. ఈ మధ్య దాన్ని మొదటినుంచి మళ్లీ కట్టాను. చైనా పేజీని నకలు చేయలేదు, చేసినా నిలబడదని ఆ తెగిన ఒత్తు ముందే చెప్పింది. తెలుగు మాట పొడవుకు తగ్గట్టు బటన్లను వెడల్పుగా, ఒకదాని కింద ఒకటిగా పెట్టాను. వరుసకూ వరుసకూ మధ్య ఎడం అక్షరం ఎత్తుకు 1.8 రెట్లు చేశాక "జ్ఞ", "క్ష్మి" లాంటివి కింది వరుసను తాకడం మానేశాయి. శీర్షికలను రంగుతో, పెట్టెతో వేరుచేశాను. పైన ధరల పట్టిక, పక్కనే ఆ వారం రొయ్యల ధర కౌంటువారీగా (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కన), ప్రతి సరుకు పక్కనా వాట్సాప్ బటన్, దానిమీద "అడగండి" అన్న ఒక్క మాట.

బాబాయి మొన్న ఫోనులోనే మొత్తం పైనుంచి కిందికి చూసి, అంతా బాగుంది కానీ మన దగ్గరున్న గేరుబాక్సుల లోపలి భాగం ఒక్కటీ లేదన్నారు. ఆదివారం కొట్టు కట్టేశాక ఆయన మేస్త్రీ చేత నాలుగు రకాలూ విప్పిస్తారు. పళ్లచక్రాలు కనిపించేలా ఫొటోలు తీయడానికి నేను వెళ్తున్నాను.